పాత యుద్ధ ఫొటోలో ఉన్నది ఏ ట్యాంకు?

మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ భారీ ట్యాంకుల్ని ఫొటోలో గుర్తుపట్టాలంటే ముందు చూడాల్సింది ఫిరంగిని కాదు, వెనక భాగాన్ని. మార్క్ 1 నుంచి మార్క్ 5 దాకా అన్నిటి ఆకారమూ ఇంచుమించు ఒకటే. పక్కనుంచి చూస్తే ముక్కు పైకెత్తి, వెనక్కి వాలిన చతుర్భుజం. దాని అంచు పొడవునా తిరిగే ఇనుప చైను. ఇరువైపులా ఆయుధాల కోసం బయటికి పొడుచుకొచ్చిన చిన్న గది. ఇప్పటి ట్యాంకులకు నెత్తిన ఉండే తిరిగే గుమ్మటం, అంటే టరెట్, వీటికి లేదు. ఈ పోలిక వల్లనే 1916, 1918 మధ్య తీసిన ఏ ఫొటో కిందైనా ‘ప్రపంచంలో మొదటి ట్యాంకు’ అని రాసేయడం పరిపాటి అయింది.

మొదటిది మార్క్ 1. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లోని సోమ్ ప్రాంతంలో, ఫ్లెర్-కూర్సలెట్ దగ్గర యుద్ధంలోకి దిగింది. ఆ రోజుకు 49 ట్యాంకులు సిద్ధం చేస్తే దాడి మొదలయ్యే చోటికి చేరినవి 32. బరువు 28 టన్నులు, లోపల 8 మంది. దీని అసలు ఆనవాలు తోక: మలుపు తిరగడానికి సాయంగా వెనక తగిలించిన రెండు చక్రాలు. కొన్నిటి కప్పు మీద, పడిన గ్రెనేడ్లు పక్కకు దొర్లిపోయేలా, కర్రల మీద కట్టిన ఇనుప వల కూడా కనిపిస్తుంది. బురదలో ఆ చక్రాల వల్ల ఒరిగింది తక్కువ, గుండ్లు తగిలి విరిగింది ఎక్కువ. అందుకే కొద్ది నెలల్లోనే వాటిని తీసేశారు. కాబట్టి తోక ఉంటే మార్క్ 1 అన్నది ఖాయం. తోక లేనంత మాత్రాన మార్క్ 1 కాదనడానికి వీల్లేదు. శిక్షణ కోసం కొద్దిగా తయారై, 1917 ఏప్రిల్‌లో ఆరాస్ పోరులోకీ వెళ్లిన మార్క్ 2 కూడా తోక లేనిదే. ఫొటో మసకగా ఉంటే ఈ రెంటినీ విడదీయడం అనుభవజ్ఞులకూ కష్టం.

ఫొటోల్లో ఎక్కువగా దొరికేది మార్క్ 4. 1917 జూన్‌లో బెల్జియంలోని మెసీన్ దగ్గర మొదట పోరాడింది. 1,200కు పైగా తయారయ్యాయి. ఇందులో చేసిన ప్రతి మార్పుకూ యుద్ధరంగంలో ఎదురైన ఏదో ఒక కష్టం కారణం. మార్క్ 1లో పెట్రోలు ట్యాంకులు లోపలే ఉండేవి, గుండు దూసుకొస్తే లోపలివాళ్లు తగలబడిపోయేవారు. మార్క్ 4లో పెట్రోలును వెనక బయటికి, చైన్ల చివర్ల మధ్యకు మార్చి ఉక్కు పెట్టెలో పెట్టారు. ఫొటోలో అది కనిపిస్తే సగం పని అయినట్టే. పాత ఫిరంగి గొట్టం పొడుగు. ట్యాంకు గుంటలోకి ఒరిగితే నేలకు గుచ్చుకునేది. కొత్తదాన్ని పొట్టి చేశారు. రైలు మీద పంపేటప్పుడు పక్క గదుల్ని ఊడదీయాల్సిన బాధ లేకుండా లోపలికి నెట్టుకునే ఏర్పాటు చేశారు. కప్పు మీద అటూ ఇటూ రెండు పట్టాలు, వాటి మీద అడ్డంగా పెద్ద దూలం ఉంటే ఆ ఫొటో 1917 రెండో సగంలోనో ఆ తర్వాతో తీసినది. బురదలో కూరుకుపోయినప్పుడు ఆ దూలాన్ని గొలుసులతో చైనుకు కట్టి, దాన్ని చైను కిందికి లాగించి, దాని ఆసరాతో ట్యాంకు పైకి వచ్చేది.

మార్క్ 5 తొలి పోరు 1918 జూలై 4న, ఫ్రాన్స్‌లోని హామెల్ దగ్గర. దీనికి ముందు వైపు ఉండే డ్రైవరు గది కాక కప్పు మీద వెనక వైపు ఇంకో చిన్న గది లేచి ఉంటుంది. పక్కల్లో ఇంజన్‌కు గాలి పోయే పెద్ద జాలీలు ఉంటాయి. మార్కు సంఖ్య ఏదైనా, వీటిలో ‘మగ’, ‘ఆడ’ అన్న రెండు రకాలుండేవి. ఇవి సైనికులు సరదాకు పెట్టిన పేర్లు కావు, సైన్యం కాగితాల్లోనూ ఇవే. ఫిరంగులున్నది మగ, మెషిన్‌గన్లు మాత్రమే ఉన్నది ఆడ.

రంగులు, అక్షరాల దగ్గర జాగ్రత్త కావాలి. ఆ కాలపు ఫిల్ములు, గాజు పలకల్లో చాలావాటికి ఎరుపు పట్టేది కాదు. ఎర్రటిది నల్లగా, నీలం తెల్లగా పడేది. 1918లో బ్రిటిష్ ట్యాంకుల ముక్కు పక్కన వేసిన తెలుపు-ఎరుపు-తెలుపు పట్టీలు అందుకే ఫొటోలో తెలుపు-నలుపు-తెలుపుగా కనిపిస్తాయి. ఆ పట్టీలు వేయాల్సి రావడానికి కారణం జర్మన్లు. వాళ్లు చేజిక్కిన మార్క్ 4లను బాగుచేసుకుని, పెద్ద శిలువ గుర్తులు వేసి, తిరిగి యుద్ధానికి దించారు. శిలువ గుర్తు చూసి జర్మన్ ట్యాంకు అనేస్తే తప్పులో కాలేసినట్టే. జర్మన్లు సొంతంగా యుద్ధానికి తెచ్చిన ఏ7వీ వేరే తీరు, బోర్లించిన ఇనుప పెట్టెలా ఉంటుంది. తయారైనవి 20. మిగిలింది ఒక్కటే, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ మ్యూజియంలో ఉన్న ‘మెఫిస్టో’.

బ్రిటిష్ ట్యాంకు పేరులో మొదటి అక్షరం సాధారణంగా దళాన్ని చెబుతుంది. 1917 నవంబరు 20న కాంబ్రే యుద్ధంలో దెబ్బతిని, 1998లో ఫ్లెస్కియెర్ గ్రామంలో మట్టిలోంచి బయటపడిన మార్క్ 4 పేరు ‘డెబోరా’, నంబరు డి51. అది డి బెటాలియన్‌ది.

ట్యాంకు రకం తేలితే ఫొటో కింద రాసిన మాట నిజమో కాదో పట్టుకోవచ్చు. ఇందుకు తెలుగు నేలతో ముడిపడిన మంచి ఉదాహరణ డెక్కన్ హార్స్. నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చిన ఈ గుర్రపు దళం సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్‌లో భాగంగా ఫ్రాన్స్ వెళ్లింది. సోమ్ దగ్గర హైవుడ్ అనే అడవి మీద వీళ్లు దాడి చేసింది 1916 జూలై 14న. అదే అడవి దగ్గరికి ట్యాంకులు వచ్చింది సెప్టెంబరు 15న. జూలై దాడి అంటూ ట్యాంకు కనిపించే ఫొటో చూపిస్తే నమ్మనక్కర్లేదు. 1918 తొలి నెలల్లో భారత అశ్విక దళాలు ఫ్రాన్స్ వదిలి ఈజిప్టు వైపు తరలాయి. మార్క్ 5 రంగంలోకి వచ్చింది ఆ తర్వాత. ఆ రెండూ ఒకే ఫొటోలో ఉన్నాయంటే రాతలోనైనా తేదీలోనైనా పొరపాటు ఉన్నట్టే. హైదరాబాద్ లాన్సర్లు పనిచేసిన పాలస్తీనాకు 1917లో మొదట చేరిన ట్యాంకులు ఎనిమిది. ఏప్రిల్‌లో గాజా దగ్గర వాటిని వాడారు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టుకున్నప్పుడు ట్యాంకులు లేనేలేవు.

రెండు యుద్ధాల నడుమ వచ్చిన భారీ ట్యాంకులు తక్కువ, పోల్చడమూ తేలిక. ఫ్రెంచి చార్ 2సీ 69 టన్నులు, 10 మాత్రమే తయారయ్యాయి. ఐదు టరెట్లు కనిపిస్తే అది బ్రిటన్ ఒక్కటే చేసిన ‘ఇండిపెండెంట్’ కావాలి, లేదా సోవియట్ టి-35 కావాలి. 1941లో దారి పక్కన వదిలేసినట్టు ఉంటే దాదాపు కచ్చితంగా టి-35.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మిలటరీలో పనిచేసినవారి ట్రంకుపెట్టెల్లో, ఒకప్పుడు ‘రంగం’ (రంగూన్) పోయి వచ్చిన కుటుంబాల దగ్గర దొరికే ఫొటోల్లో మార్క్ ట్యాంకులు ఉండే అవకాశం తక్కువ. అవి ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధం నాటి బర్మా రంగానివో, 1948 సెప్టెంబరు హైదరాబాద్ పోలీసు చర్యవో అయి ఉంటాయి. వాటిలో కనిపించేవి షెర్మన్, స్టూవర్ట్, లీ. డెక్కన్ హార్స్ కూడా అప్పటికి గుర్రాలు వదిలి, 1945లో బర్మాలోని మెయిక్తీలా దగ్గర షెర్మన్లతో పోరాడింది. షెర్మన్ బరువు 30 టన్నుల పైమాటే. మార్క్ 1 కన్నా ఎక్కువ. అయినా దాన్ని మధ్యరకం ట్యాంకుగానే లెక్కించారు. సైన్యాలు ‘భారీ’ అన్న పేరు పెట్టింది ఏ కాలానికి ఆ కాలంలో పోల్చి చూసే, తూకం ఒక్కటే చూసి కాదు.

షెర్మన్‌కు ఒక్కో పక్క ఆరు చక్రాలు, రెండేసి చొప్పున మూడు జతలు. స్టూవర్ట్‌కు నాలుగే, వాటి వెనక నేలకు ఆనుకుని ఇంకో పెద్ద చక్రం. లీ ట్యాంకుకు చిన్న ఫిరంగి నెత్తి మీద టరెట్‌లో, పెద్ద ఫిరంగి ఒంట్లో కుడివైపున ఉంటుంది. ఎడమవైపు కనిపిస్తే నెగెటివ్ తిరగేసి కడిగారని అర్థం. ఇతర ఫొటోల్లో ఈ తిరకాసు పట్టడానికి పక్కన నిలబడ్డ సిపాయి చేతిలోని రైఫిల్ చాలు. అప్పటి లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టు పిడి కుడివైపే ఉంటుంది. ఇంట్లో ఇలాంటి ఫొటో ఉంటే ముందు వైపుతో పాటు వెనక వైపునూ స్కాన్ చేసి పెట్టుకోవాలి. స్టూడియో ముద్ర, పెన్సిలుతో రాసిన ఊరి పేరు, సెన్సార్ స్టాంపు ఉండేది అక్కడే. ట్యాంకు ఏదో తేల్చలేనప్పుడు చాలాసార్లు తేదీని తేల్చేవి ఇవే.