అక్షరాల పరిమాణభేదం: ప్రోగ్రాం పేర్లలో తెలుగు లిపికి ఎదురయ్యే చిక్కు

రోమన్ లిపిలో ప్రతి అక్షరానికీ పెద్దది, చిన్నది అని రెండు రూపాలున్నాయి. ప్రోగ్రామింగ్ భాషలు ఈ భేదాన్ని అర్థసూచకంగా వాడుకున్నాయి. పైథాన్‌కు 2001లో వెలువడిన పెప్ 8 శైలీ నియమావళి ప్రకారం ఫంక్షన్ల పేర్లు చిన్న అక్షరాలతో, పదాల నడుమ అండర్‌స్కోరుతో ఉండాలి. క్లాసు పేరులో ప్రతి పదమూ పెద్ద అక్షరంతో మొదలవాలి. స్థిరాంకాలకు అన్నీ పెద్ద అక్షరాలే. పేరు చూడగానే దాని కోవ తెలియడమే ఇందులోని ప్రయోజనం. నియమం తప్పినా ప్రోగ్రాం నడుస్తుంది. పైలింట్ వంటి తనిఖీ సాధనం హెచ్చరిస్తుంది, అంతే.

2009లో గూగుల్ ప్రకటించిన గో భాష ఈ అలవాటును వ్యాకరణంగా మార్చింది. పేరులోని తొలి అక్షరం పెద్దదైతేనే అది ప్యాకేజీ వెలుపల కనిపిస్తుంది. ఈ విషయంలో బృంద సభ్యుల మధ్య వాదానికి తావు లేదు. ఏకరూపతను కంపైలరే కాపాడుతుంది. రోమన్ లిపి వరకు ఇది మెచ్చదగిన ఏర్పాటే.

తెలుగుకు వచ్చేసరికి కథ మారుతుంది. యూనికోడ్ వర్గీకరణలో తెలుగు అచ్చులు, హల్లులు పెద్ద అక్షరాలూ కావు, చిన్న అక్షరాలూ కావు; అవి 'ఇతర అక్షరాలు'. అందువల్ల 'ధర' అనే పేరు గోలో చెల్లుతుంది గాని ప్యాకేజీ దాటదు. దాని పర్యాయపదమైన 'వెల' అసలే చెల్లదు. తలకట్టుకు విడి సంకేతం లేదు. ఎత్వానికి ఉంది, దానిని గో అక్షరంగా అంగీకరించదు. పేరుకు ముందు రోమన్ పెద్ద అక్షరం తగిలించడమే ప్రస్తుతానికి మార్గమనీ, అది తృప్తికరం కాదనీ గో రూపకర్తలే తమ ప్రశ్నోత్తరాల పత్రంలో జపనీస్ ఉదాహరణతో ఒప్పుకున్నారు. ఆ ఉపాయం 'ధర'కు పనికొస్తుంది, 'వెల'కు అదీ లేదు.

2008లో వచ్చిన పైథాన్ 3 ఈ రెండు పేర్లనూ స్వీకరిస్తుంది. అయినా శైలి మూగబోతుంది. తెలుగు పదం పెద్ద అక్షరాలలో ఉందా అని అడిగితే పైథాన్ కాదంటుంది. చిన్న అక్షరాలలో ఉందా అన్నా కాదనే అంటుంది. స్థిరాంకమేదో, ఫంక్షన్ ఏదో రూపాన్ని బట్టి చెప్పలేము. తెలుగు పేర్లతో ప్రోగ్రామింగ్ బోధించదలచినవారు పరిమాణభేదాన్ని అనుకరించడం కంటే 'స్థిర_వెల' వంటి ఉపసర్గలను నియమంగా పెట్టుకోవడం మేలు. అండర్‌స్కోరు ఏ లిపితోనైనా కలుస్తుంది. ఉపసర్గ ఉన్నదీ లేనిదీ సాధనం చేత తనిఖీ చేయించడమూ తేలికే.