పెట్టె చవకదైనా పరవాలేదు, డీకోడర్ మంచిది కొనండి

బొమ్మ రైళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళు మన దగ్గర తక్కువే గానీ, ఉన్నవాళ్ళకి మాత్రం గట్టిగానే ఉంటుంది. కాజీపేట, సికింద్రాబాద్ వైపు రైల్వే సిగ్నల్ శాఖలో ఉద్యోగం వెలగబెట్టి రిటైరయ్యాక నేనూ ఆ గుంపులో చేరాను. మేడ మీద గదిలో ప్లైవుడ్ బల్ల, దాని మీద హెచ్‌వో సైజు పట్టాలు. అసలు బండిలో 87వ వంతు ఉండే మోడళ్ళివి. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు.

ఈ సరదాలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు నన్ను అడిగేది ఒకటే. "అంకుల్, డిజిటల్ కంట్రోల్ పెట్టుకుందామనుకుంటున్నా. అన్నిట్లోకీ చవకది ఏది?" నేనూ తిరిగి అడిగేది ఒకటే. "నీ దగ్గర ఇంజన్లెన్ని బాబూ?" ఒక్క ఇంజను, ఒక్క చుట్టు పట్టా అయితే పాత నాబ్ డబ్బాతోనే హాయిగా నడుపుకోవచ్చు. డిజిటల్ దండగ.

పాత పద్ధతిలో పట్టాల్లోకి వెళ్ళే వోల్టేజీయే వేగం. నాబ్ తిప్పితే వోల్టేజీ పెరుగుతుంది, దాంతో బండి వేగం పెరుగుతుంది. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే బండి వెనక్కి వెళ్తుంది. అదే పట్టా మీద రెండో ఇంజను పెట్టామా, రెండూ కలిసే పరిగెడతాయి. ఒకదాన్ని స్టేషన్లో ఆపి రెండోదాన్ని నడపాలంటే పట్టాలను సెక్షన్లుగా కోసి, ఒక్కో సెక్షన్‌కి ఒక్కో స్విచ్చు పెట్టాలి. జీవితమంతా రిలే రూముల్లో గడిపిన నాలాంటివాడికి అది పండగే. మామూలు మనిషికి అది వైర్ల అడవి.

డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది. హెచ్‌వోకి అది 14, 15 వోల్టుల దగ్గర. పట్టాల ధ్రువత సెకనుకి కొన్ని వేల సార్లు తారుమారవుతూ ఉంటుంది, ఆ మార్పుల్లోనే ఆజ్ఞ దాగి ఉంటుంది. సగం చక్రం 58 మైక్రోసెకన్లు ఉంటే అది ‘ఒకటి’, 100 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ‘సున్నా’. ఆ ఒకట్లూ సున్నాలూ కలిసి "మూడో నంబరు ఇంజనూ, ఇంత వేగంతో ముందుకు నడువు" అన్న మాట అవుతాయి. ప్రతి ఇంజను కడుపులోనూ డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. తన నంబరుతో వచ్చిన ఆజ్ఞ వింటుంది, మిగతావి వదిలేస్తుంది. పట్టాల్లోని కరెంటునే మలుచుకుని మోటారుకు కావలసినంత ఇస్తుంది. అసలు రైల్వేలోనూ బండి ఎక్కడుందో తెలుసుకోవడానికి పట్టాల్లోకి సంకేతం పంపుతాం కాబట్టి ఈ ఏర్పాటు నాకు చప్పున నచ్చింది.

ఇక డబ్బు సంగతి. అందరూ కమాండ్ స్టేషన్ ధర చూస్తారు. ఆజ్ఞలు తయారుచేసి పట్టాల్లోకి పంపే పెట్టె అది. నేను చెప్పేదేమిటంటే, పొదుపు చేయాల్సింది ఆ పెట్టె మీద, ఖర్చు పెట్టాల్సింది డీకోడర్ల మీద. దీనికి కారణం ఉంది. జర్మనీలో బెర్న్‌ట్ లెంజ్ 1980ల చివర్లో రూపొందించిన పద్ధతిని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల మొదట్లో ప్రమాణంగా తీసుకుంది. పట్టాల మీది సంకేతం ఎలా ఉండాలో ఆ ప్రమాణం తేల్చి చెప్పింది. అందుకని ఏ కంపెనీ పెట్టె అయినా ఏ కంపెనీ డీకోడర్‌తోనైనా మాట్లాడుతుంది. పెట్టెను రేపు అమ్మేసి ఇంకోటి తెచ్చుకోవచ్చు, ఇంజన్లను ముట్టుకోనక్కర్లేదు. డీకోడర్ మార్చాలంటే మాత్రం ఒక్కో ఇంజను మూత విప్పాలి.

లెక్క వేసి చూడండి. మామూలు డీకోడర్ అమెరికా ధరల్లో సుమారు 20 నుంచి 40 డాలర్లు. హారన్, ఇంజను చప్పుడు కూడా వినిపించేదైతే 100 డాలర్ల దరిదాపుల్లో. అరడజను ఇంజన్లకు చప్పుడు డీకోడర్లు పెట్టేవాడికి పెట్టె ధర కన్నా డీకోడర్ల బిల్లే ఎక్కువవుతుంది.

ప్రమాణానికి అందని చోటు ఒకటుంది, అక్కడే జేబుకి చిల్లు పడేది. చేతిలో పట్టుకునే థ్రాటిల్‌కీ పెట్టెకూ మధ్య ఉండే వైరు ఎవరి దారి వారిదే. డిజిట్రాక్స్‌ది లోకోనెట్, లెంజ్, రోకోలది ఎక్స్‌ప్రెస్‌నెట్, ఎన్‌సీఈది తన సొంతం. వైరు పద్ధతి వేరైతే ఒకరి థ్రాటిల్ ఇంకొకరి పెట్టెకు పనికిరాదు. కాబట్టి ఒకే కంపెనీవి నాలుగు థ్రాటిళ్ళు కొని కూర్చోకండి. మెర్క్‌లిన్ వాళ్ళదైతే మొదటి నుంచీ వేరే లోకం. ఎవరో అమ్ముతున్నారని వాళ్ళ పాత సెట్టు తెచ్చుకునే ముందు మీ పట్టాలకు సరిపోతుందో లేదో కనుక్కోండి.

బజార్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా తేలికైనది బాక్‌మన్ ఈజీ కమాండ్. తొమ్మిది డిజిటల్ ఇంజన్లకు తొమ్మిది బటన్లు. పిల్లల చేతికివ్వడానికి భేషుగ్గా ఉంటుంది. కానీ డీకోడర్‌లో ఇంజను నంబరు తప్ప మరే సెట్టింగూ మార్చలేదు. నెల తిరక్కుండానే దాన్ని దాటి ఎదుగుతారు. ఎన్‌సీఈ పవర్‌క్యాబ్‌లో చేతిలోని థ్రాటిలే కమాండ్ స్టేషన్ కూడా. దాదాపు 2 ఆంపియర్లు ఇస్తుంది, అన్ని సెట్టింగులూ చదువుతుంది, రాస్తుంది. డిజిట్రాక్స్ జెఫిర్ ఎక్స్‌ప్రెస్ 3 ఆంపియర్లు ఇస్తుంది, కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ దాన్లోనే ఉంది. రోకో వాళ్ళ చిన్న z21 స్టార్టర్ సెట్లతో వస్తుంది, మంచిదే. వైఫై కావాలంటే మాత్రం తాళం తీసే కోడ్ వేరే కొనుక్కోవాలి. ఇదేం న్యాయమో నాకర్థం కాదు.

ఇన్ని ఆంపియర్లు ఎందుకంటారా? ఈ కాలపు హెచ్‌వో ఇంజను నడిచేటప్పుడు అర ఆంపియర్‌కు లోపే లాగుతుంది. ఏకకాలంలో మూడు నాలుగు బండ్లు నడిపే ఇంట్లో 2 ఆంపియర్లు చాలు. పాతిక ఇంజన్లు బీరువాలో ఉండటం వేరు, పట్టా మీద ఉండటం వేరు.

మన దేశంలో మరో తలనొప్పి సుంకం. 2020 బడ్జెట్‌లో దిగుమతి బొమ్మల మీద సుంకం 20 నుంచి 60 శాతానికి పెరిగింది, 2023లో 70 అయింది. ఆర్డరు పెట్టే ముందు ఆ రోజు రేటెంతో కనుక్కుని, కొరియర్ ఛార్జీలతో సహా లెక్క కట్టుకోవాలి. అమెరికా నుంచి ఎవరైనా బంధువు సూట్‌కేసులో తెస్తానన్నా అడాప్టర్ మీది అక్షరాలు చదివించండి. అక్కడ ఇళ్ళలో వచ్చేది 120 వోల్టులు. 100 నుంచి 240 వరకు అని రాసి లేకపోతే మన 230లో పెట్టగానే దానికి నూకలు చెల్లినట్టే.

ఈ లెక్కలన్నీ చూశాకే నేను కమాండ్ స్టేషన్‌ను సొంతంగా తయారుచేసుకునే డీసీసీ-ఈఎక్స్ దారి పట్టాను. 2015లో గ్రెగ్ బెర్మన్ డీసీసీ ప్లస్ ప్లస్ అనే పేరుతో ఉచితంగా బయటపెట్టిన ప్రోగ్రామ్ దీనికి మూలం. ఆ తర్వాత కొందరు ఔత్సాహికులు కలిసి దాన్ని పెంచి పెద్దచేశారు. కావలసింది ఆర్డుయినో మెగా బోర్డు, దాని నెత్తిన కూర్చునే మోటార్ షీల్డ్, ఒక అడాప్టర్. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఇలాంటి బోర్డులన్నీ కౌంటరు మీదే దొరుకుతాయి. నకలు బోర్డులతో మొత్తం మూడు వేల రూపాయల లోపే అయింది నాకు.

పని కష్టం కాదు గానీ ఒక్క చోట ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఆర్3 రకం షీల్డ్ మీద ‘విన్ కనెక్ట్’ అని రాసిన చోట సన్నటి రాగి గీత ఉంటుంది. దాన్ని బ్లేడుతో తెగ్గోయాలి. వదిలేస్తే పట్టాల కోసం ఇచ్చిన వోల్టేజీ కింది బోర్డులోకి కూడా దిగుతుంది. తెగిందో లేదో మల్టీమీటర్‌తో చూసుకున్నాకే కరెంటివ్వండి. ఈ షీల్డ్ ఒకటి రెండు వోల్టులు తానే మింగేస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకునే అడాప్టర్ ఎంచుకోవాలి. ఇంట్లో పడి ఉంది కదా అని 19 వోల్టుల లాప్‌టాప్ ఛార్జర్ తగిలించకండి.

షీల్డ్‌కి రెండు అవుట్‌పుట్‌లు. ఒకటి బండ్లు తిరిగే పట్టాకి, రెండోది ప్రోగ్రామింగ్ పట్టాకి. అడుగు పొడవు పట్టా ముక్క చాలు. కొత్త డీకోడర్ ఫ్యాక్టరీ నుంచి 3 అనే నంబరుతో వస్తుంది. ఇంజనును ఆ ముక్క మీద పెట్టి కొత్త నంబరు రాయాలి. నేను ఇంజను మీద పెయింటుతో వేసి ఉండే నంబరు చివరి నాలుగంకెలు ఇస్తాను. రాసింది అందిందని డీకోడర్ ఎలా చెబుతుందో తెలుసా? ప్రోగ్రామింగ్ పట్టా మీద దానికి తిరిగి సంకేతం పంపే వేరే సాధనం లేదు. అందుకని మోటారుకు ఒక్క క్షణం కరెంటిచ్చి, సుమారు 6 మిల్లీసెకన్ల పాటు 60 మిల్లీ ఆంపియర్లు అదనంగా లాగుతుంది. పెట్టె ఆ పెరుగుదలను పసిగడుతుంది. చూసేవాళ్ళకి ఇంజను చిన్నగా ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది. మా మనవరాలికి బండి పరిగెత్తడం కన్నా ఈ ఉలికిపాటే ఇష్టం.

వైఫై పెట్టుకుంటే ఇంజన్ డ్రైవర్ అనే ఉచిత ఆప్‌తో ఆండ్రాయిడ్ ఫోనే థ్రాటిల్ అవుతుంది. డబ్బు కలిసొస్తుంది నిజమే. కానీ అద్దం మీద వేలు జరుపుతుంటే కళ్ళు ఫోన్ మీదే ఉంటాయి, బండి మీద ఉండవు. అందుకని ఎప్పటికైనా ఒక్క అసలైన నాబ్ థ్రాటిల్ కొనుక్కోమనే నా సలహా.

పాత ఇంజనుకు డీకోడర్ పెట్టే ముందు రెండు పరీక్షలు. మోటారు బ్రష్‌లలో ఏదైనా ఛాసిస్‌కు తగులుతోందేమో చూడాలి. తగిలితే దాన్ని విడదీసేదాకా డీకోడర్ తగిలించకూడదు. తర్వాత 12 వోల్టులు ఇచ్చి, చక్రాలు తిరక్కుండా క్షణం పట్టుకుని కరెంటు కొలవాలి. మామూలు హెచ్‌వో డీకోడర్ మోసేది ఒక ఆంపియర్ చుట్టుపక్కల. పాత మోటారు అంతకన్నా ఎక్కువ లాగితే ముందు మోటారు సంగతి చూడాలి. డీకోడర్ లేని ఇంజనును డిజిటల్ పట్టా మీద నిలబెట్టి వదిలేయకండి, గీపెట్టుకుంటూ వేడెక్కిపోతుంది.

వైర్ల దగ్గర పీనాసితనం వద్దు. బల్ల కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరు జత పరిచి, ప్రతి పట్టా ముక్కకూ దాన్నుంచి సన్న వైరు లాగండి. పట్టా ముక్కలను కలిపే ఫిష్‌ప్లేట్లు కరెంటు మోస్తాయని నమ్ముకోకండి, తుప్పు పడితే మోయవు. ఆ తర్వాత ఐదు రూపాయల బిళ్ళ తీసుకుని, పెట్టెకు దూరంగా ఉన్న చోట రెండు పట్టాల మీదా అడ్డంగా పడేయండి. పెట్టె తక్షణం ఆగిపోవాలి. బిళ్ళ అలాగే ఉండి పెట్టె నిమ్మకు నీరెత్తినట్టు పని చేస్తుంటే అక్కడికి వైరు చాలలేదన్నమాట. ఏదో ఒక రోజు బండి పట్టా తప్పినప్పుడు ఆ కరెంటంతా చక్రాల్లోంచి పోయి ప్లాస్టిక్ కరుగుతుంది. ఇలా బల్లంతా తిరిగి చూడాలి.

బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్ళించే పాయింట్లకు కూడా డీకోడర్లు దొరుకుతాయి, ఫోన్ మీద నొక్కితే పాయింటు మారుతుంది. అది మాత్రం నేను పెట్టుకోలేదు, అడిగినవాళ్ళకి పెట్టుకోమనీ చెప్పను. బల్ల అంచున చిన్న లీవర్లు బిగించి, ఇనప తీగతో పాయింటుకు కలిపాను. లాగితే టక్కున పడుతుంది. పాయింట్ల డీకోడర్లకయ్యే డబ్బుతో ఇంకో ఇంజనుకు చప్పుడు డీకోడర్ వస్తుంది.