మిగిలిన అరిసెల చలిమిడిని నిలువచేయుట

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములలో కె.సి. కాలువ క్రింద పండిన వరి ఇల్లు చేరిన వెనుక సంక్రాంతి వచ్చును. ఆ పండుగకు చాల ఇండ్లలో అరిసెలు వండుదురు. ఒకేరోజు వండలేక మిగిలిన చలిమిడి గట్టిపడినదనియో, బూజు పట్టినదనియో పారవేయుట కద్దు. బియ్యము, బెల్లము, శ్రమ మూడును వృథాయే.

బెల్లపు పాకము నీటిని పట్టి ఉంచును గనుక బూజునకు తేమ అందదు. పాకము లేతదైనను, పిండిలో తడి ఎక్కువైనను ఈ రక్షణ తగ్గును. చలిమిడి పూర్తిగా చల్లారిన తరువాత నేయి రాచి, పొడి డబ్బాలో ఖాళీ లేకుండ అదిమి, మూత బిగించవలెను. వేడిగా మూసినచో ఆవిరి నీరై దానిపైననే పడును. తడిచేయి తగలనీయరాదు. బయట రెండు దినములు, ఫ్రిజ్‌లో వారము నిలుచును.

గట్టిపడినదానిపై నీరు చిలకరింపకుడు. ఆ పూటకు కావలసినంత మాత్రమే తీసి, గిన్నెలో వేసి వేడినీటి పాత్రపై నిలిపి, చెంచా నేయి చేర్చి మర్దించినచో మెత్తబడును. ముందుగా చిన్న ముద్దను కాగిన నూనెలో వేసి చూడుడు. అది విడిపోయినచో కొంత బియ్యపుపిండి కలుపవలెను.

పుల్లని వాసన గాని, బూజు గాని ఉన్నచో పైభాగము తీసివేసి మిగిలినది వాడరాదు. మొత్తము పారవేయవలెను.