పూత పూసింది... కాయ ఏదీ?

అపార్ట్‌మెంట్ నుంచి సొంతింటికి మారగానే అమెరికాలో మనవాళ్లు చాలామంది చేసే మొదటి పని, బ్యాక్‌యార్డ్‌లో నాలుగు టమాటా మొక్కలు పెట్టడం. మట్టి బస్తాలు మోస్తాం, డ్యూటీ నుంచి రాగానే నీళ్లు పోస్తాం. మొక్క నడుమెత్తు పెరిగి, గుత్తులుగా పూస్తుంది. తీరా చూస్తే కాడ పసుపుబారి పువ్వు రాలిపోతుంది! ఇండియా నుంచి వచ్చిన అమ్మ 'దిష్టి తగిలిందిరా' అంటుంది. దిష్టీ కాదు, తెగులూ కాదు. చాలాసార్లు కారణం వేడి.

రాత్రి చల్లబడాలి

పగలు 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి, రాత్రి కూడా 75 కన్నా తగ్గకపోతే పుప్పొడి సరిగా పనిచేయదు. డల్లాస్, హూస్టన్, ఫీనిక్స్‌లలో వేసవంతా ఇదే గొడవ. రాత్రి 55 కన్నా తగ్గినా పూత నిలవదు. మన మదనపల్లె సంగతే చూడండి. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. కోస్తా ఉడికిపోయే రోజుల్లోనూ అక్కడ రాత్రులు కాస్త చల్లగా ఉంటాయి. టమాటాకి కావలసింది అదే.

ఎరువు ఎక్కువైతే...

లాన్‌కి చల్లే ఎరువే టమాటాకీ వేస్తున్నారా? బస్తా మీద ఉండే మూడు అంకెల్లో మొదటిది నత్రజని. అది ఎక్కువైతే ఆకు ముదురాకుపచ్చగా ఏపుగా పెరుగుతుంది, కాయ మాత్రం రాదు. రోజుకి కనీసం 6 గంటల ఎండ తగలకపోయినా అంతే.

కాస్త కదపండి

టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. పుప్పొడి రాలడానికి గాలో, తుమ్మెదో కదపాలి. గాలి ఆడని పాటియోలో కుండీ పెడితే ఆ పని మనదే. పొద్దున పది దాటాక గుత్తిని వేలితో మెల్లగా తట్టండి. ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ కాడకి ఆనించినా చాలు.

మరేం చేయాలి?

ఉత్తర టెక్సాస్‌లో మంచు భయం పోగానే, మార్చి రెండో సగంలో నాటితే ఎండలు ముదిరేలోగా కాపు వస్తుంది. రెండో కాపుకి జూలైలో కొత్త మొక్కలు పెట్టుకోవచ్చు. పెద్ద కాయల రకాలకన్నా చెర్రీ టమాటాలు వేడిని బాగా తట్టుకుంటాయి. ఫ్లోరిడా యూనివర్సిటీ తయారుచేసిన సోలార్ ఫైర్ రకం కూడా వేడిలో కాయ నిలుపుకుంటుంది. మధ్యాహ్నం షేడ్ క్లాత్ కట్టండి, మొదట్లో గడ్డి పరిచి తేమ ఆరకుండా చూడండి.

మేం గట్టిగా చెప్పేదొకటే. కాయ లేదని ఆగస్టులో మొక్క పీకేయకండి. పచ్చగా ఉంటే నీళ్లు పోస్తూ ఉండండి. సెప్టెంబర్‌లో రాత్రులు చల్లబడ్డాక అదే మొక్క కాస్తుంది. దసరాకి పచ్చడి మీ పెరటి టమాటాతోనే!