పాత టేపుల ఖరీదెంత?

మొన్న మా హాస్టల్లో ఓ వాదన జరిగింది. "రేడియో, టీవీ నడపడం సర్కారు పనట్రా? ప్రైవేటుకి అమ్మేస్తే పీడా పోతుంది" అన్నాడు మా కామర్సు మిత్రుడు. "సరే, బీరువాల్లోని పాత టేపులకు ధర ఎవడు కడతాడ్రా?" అన్నాను. "పాత సామాను కింద రాసేయడమే" అని నవ్వాడు. ఆ నవ్వే ఈ వ్యాసానికి కారణం.

పాత సామాను అనుకుంటే ఏమవుతుందో బ్రిటన్‌ను చూస్తే తెలుస్తుంది. 1960, 70 దశకాల్లో వీడియో టేపు చాలా ఖరీదు. కళాకారులతో ఒప్పందాలవల్ల పునఃప్రసారాలకూ పరిమితులుండేవి. అందుచేత బి.బి.సి. వారు పాతవి చెరిపేసి, అవే టేపులను మళ్ళీ వాడుకున్నారు. 1963లో మొదలైన 'డాక్టర్ హూ' ధారావాహికలో దాదాపు వంద భాగాలు అలా కరువయ్యాయి. ఆ తర్వాత వీడియో క్యాసెట్లు, డి.వి.డి.లు వచ్చి, చెరిపేసిన సరుక్కే గిరాకీ పుట్టింది! విదేశాలకు అమ్మిన ఫిల్ము కాపీలకోసం వెతుకులాట మొదలైంది. నైజీరియాలో తొమ్మిది భాగాలు దొరికాయని 2013లో ప్రకటించారు.

అంటే, పాత టేపు విలువ అమ్మేరోజున తెలియదన్నమాట.

ఫ్రాన్సువారు ఇంకో దారి పట్టారు. పాత కార్యక్రమాలను భద్రపరచడానికి 1975లోనే 'ఇనా' అనే జాతీయ సంస్థను ఏర్పరచారు. 1987లో ప్రభుత్వం టి.ఎఫ్.1 ఛానెల్లో సగం వాటాను, బూయిగ్ అనే నిర్మాణ సంస్థ నాయకత్వంలోని బృందానికి 300 కోట్ల ఫ్రాంకులకు అమ్మింది. అయినా 1982కు ముందటి కార్యక్రమాలు ఇనా చేతిలోనే మిగిలాయి. ఆ దృశ్యాలు కావలసిన నిర్మాతలు ఇనాకు రుసుము చెల్లిస్తారు. 2006 నుంచి సామాన్యులు కూడా ఇంటర్నెట్‌లో ఎన్నో చూడగలుగుతున్నారు.

మరి మన సంగతి? విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది. 1997 నుంచి ఆకాశవాణి, దూరదర్శన్ ప్రసార భారతి కింద నడుస్తున్నాయి. ఆ నాటకాలు, ఆ సంగీతం ఎవరి సొమ్ముతో తయారయ్యాయి? మా తాతయ్యలాంటివాళ్ళు పోస్టాఫీసులో కట్టిన రేడియో లైసెన్సు రుసుముతో, పన్నులతో. అలాగని తాళంవేసి కూర్చోమనడం లేదు. టేపు పాడైపోతుంది, వేళకు కాపీ తీయాలి. పాడినవారికీ, రాసినవారికీ హక్కులుంటాయి. వారి వాటా వారికివ్వాలి.

మిత్రమా, కేంద్రాన్ని అమ్మాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకుందాం. ముందు ఆ బీరువా తాళంచెవి మాత్రం వేరుచేసి, జనం పేర ఉంచుదాం.