గాలి పోతే ఆగే బండి

స్టేషన్‌లో ఇంజన్ మార్చేటప్పుడు ఇంజన్‌కీ పెట్టెకీ మధ్య వేలాడే రబ్బరు గొట్టాన్ని విడదీస్తే బుస్సుమని గాలి వస్తుంది. ఆ గాలే బ్రేకు వేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చేసే పని బ్రేకు పడకుండా చూడడం. ప్రయాణికుడు గొలుసు లాగితే గొట్టానికున్న చిన్న మూత తెరుచుకుని గాలి బయటికి పోతుంది. బండి ఆగడం అప్పుడు మొదలవుతుంది.

ఈ తలకిందుల ఆలోచన వెంటనే పుట్టలేదు. 1860లలో అమెరికాలో సరకు బండిని ఆపాలంటే డ్రైవరు కూత వేసేవాడు. అది విని బ్రేకు మనుషులు పెట్టెల కప్పుల మీద పరుగెత్తేవారు. ఒక పెట్టె మీది చక్రం తిప్పి బిగించి, పక్కదాని మీదికి దూకి, దాన్నీ బిగించేవారు. మంచు కురిసినా, చీకటైనా అదే పని. కాలు జారితే చక్రాల కిందే.

ఆ రోజుల్లోనే న్యూయార్క్ రాష్ట్రంలో, ట్రాయ్, షెనెక్టడీ ఊళ్ల మధ్య, రెండు సరకు బండ్లు ఢీకొన్న చోటు జార్జ్ వెస్టింగ్‌హౌస్ కంటపడింది. పట్టపగలు, తిన్నని దారి. డ్రైవర్లిద్దరికీ ఎదుటి బండి కనిపిస్తూనే ఉంది, ఆపే వ్యవధే లేకపోయింది. అన్ని పెట్టెల బ్రేకులూ డ్రైవరు చేతికే రావాలని ఆ యువకుడికి పట్టుదల కలిగింది. ఆవిరిని గొట్టంలో పంపుదామంటే చలికి దారిలోనే నీరైపోతుంది. ఆల్ప్స్ పర్వతాల్లో మాంట్ సెనిస్ సొరంగాన్ని తొలిచే యంత్రాలు దూరం నుంచి వచ్చే పీడన గాలితో నడుస్తున్నాయని ఒక పత్రికలో చదివాక దారి దొరికింది. 1869లో పేటెంట్ వచ్చేసరికి అతనికి 22 ఏళ్లు.

ఆ తొలి బ్రేకులో ఒక పెద్ద లోపముంది. గాలి పంపితేనే బ్రేకు పడుతుంది. పెట్టెలను కలిపే కప్లింగ్ తెగి బండి రెండు ముక్కలైతే గొట్టమూ తెగుతుంది, సరిగ్గా బ్రేకు కావలసిన క్షణంలో అది చేతికందదు. 1872లో వెస్టింగ్‌హౌస్ ఈ వరసను తిరగేశాడు. ప్రతి పెట్టె కిందా ఒక గాలి తొట్టి, ఒక సిలిండరు, వాటి మధ్య ట్రిపుల్ వాల్వు. గొట్టంలో పీడనం నిండుగా ఉన్నంతసేపూ ఆ వాల్వు తొట్టిని నింపుతూ, సిలిండరును ఖాళీగా ఉంచుతుంది. గొట్టంలో పీడనం తగ్గిందా, తొట్టిలోని గాలిని సిలిండరులోకి వదులుతుంది, బ్రేకు దిమ్మలు చక్రాలను పట్టేస్తాయి. డ్రైవరు తగ్గించినా, గొట్టం పగిలినా, బండి తెగినా ఒకటే ఫలితం. నా దృష్టిలో రైళ్ల చరిత్రలో ఇంతకన్నా దయగల ఆలోచన లేదు.

ఆ ఆలోచనను నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర తెలిసింది. పిల్లల విహారయాత్ర బండి ఎత్తు ఎక్కలేకపోతే, సిబ్బంది దాన్ని రెండుగా విడదీశారు. దానిది తనంతట తాను పడే బ్రేకు కాదు. వెనక పెట్టెల చక్రాల కింద రాళ్లు పెట్టారు. రాళ్లు నిలవలేదు. పెట్టెలు పల్లానికి దొర్లి, వెనక వస్తున్న బండిని గుద్దుకున్నాయి. సుమారు 80 మంది చనిపోయారు, వారిలో ఎందరో పిల్లలు. ప్రయాణికుల బండ్లకు తనంతట తాను పడే బ్రేకు తప్పనిసరి అని బ్రిటిష్ పార్లమెంటు ఆ ఏడాదే చట్టం చేసింది.

మన దేశంలో చాలాకాలం, గొట్టంలోని శూన్యంతో పనిచేసే వాక్యూమ్ బ్రేకు నడిచింది. దాని బలం బయటి వాతావరణ పీడనాన్ని మించలేదు, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 1 కిలో. బరువైన బండ్లకు అది చాలక గాలి బ్రేకుకు మారారు. ఇప్పుడు మన బండ్ల బ్రేకు గొట్టంలో 5 కిలోల పీడనం ఉంటుంది. పొడవైన సరకు బండిలో చిక్కు వేరు: ముందు పెట్టెలు ఆగి, వెనకవి ఇంకా దూసుకొస్తే కుదుపుకు కప్లింగులు తెగుతాయి. అందుకే ప్రయాణికుల బండిలో 3 నుంచి 5 సెకన్లలో నిండే సిలిండరు, సరకు బండిలో కావాలనే 18 నుంచి 30 సెకన్లు తీసుకుంటుంది. కొత్త రైళ్లలో విద్యుత్ సంకేతం అన్ని పెట్టెలకూ ఒకేసారి అందుతుంది. ఎల్‌హెచ్‌బీ రకం పెట్టెల్లో దిమ్మలు చక్రాలను పట్టే బదులు, ప్యాడ్లు ఇరుసు మీది డిస్కులను పట్టుకుంటాయి, చక్రం జారబోతే ఒక పరికరం పట్టు సడలిస్తుంది.

అయినా గాలి గాలే, మెల్లగా కారిపోతుంది. 2013 జూలైలో కెనడాలో చమురు బండిని రాత్రికి వాలు మీద నిలిపారు. దాన్ని పట్టి ఉంచినవి కొన్ని చేతి బ్రేకులు, ఇంజన్ల సొంత గాలి బ్రేకు. ఈ సొంత బ్రేకు మాత్రం గాలి ఉన్నంతసేపే పట్టుకుంటుంది. ఇంజన్‌లో మంటలు రేగితే ఆర్పి, ఆ ఇంజన్‌ను ఆపేశారు. గాలి నింపే కంప్రెసరు ఆగింది. గాలి కారింది, పట్టు సడలింది, బండి లాక్ మెగాంటిక్ ఊళ్లోకి దొర్లింది. 47 మంది చనిపోయారు.

మన స్టేషన్లలో పక్క లైనులో పెట్టిన వ్యాగన్లను గమనించండి. చేతి బ్రేకు బిగించి, చక్రాల కింద చెక్క ఆపులు పెట్టి, గొలుసు చుట్టి తాళం వేసి ఉంటాయి.