నీటిలో రెండవ ఊపిరి

సిద్దిపేట జిల్లాలోని రాయపోల్‌కు సముద్రము చాల దూరము. అచ్చట లోతనగా వ్యవసాయపు బావి. పూర్వము పూడిక తీయుటకు బావిలోనికి దిగువాని నడుమునకు మోకు కట్టి, రెండవ కొసను గట్టుపై నిలిచినవారు పట్టుకొనెడివారు. ఆ ఊరిలో పెరిగిన మా మేనల్లుడొకడు విశాఖపట్టణము పోయి, ఋషికొండవద్ద స్కూబా ఈత నేర్చి, ఇక 30 మీటర్ల లోతునకు దిగ నిశ్చయించుకొని, కొనదలచిన సామగ్రి పట్టికను నాకు చూపెను. అందు ప్రతి వస్తువును రెండేసి కలవు.

“ఒకటి ఖరాబైతే ఇంకోటి ఉండొద్దా మామా?” అని వాని వాదము.

నాకు నీటిలో అనుభవము స్వల్పము; లెక్కలలో కొంత కలదు. కావున లెక్కతోనే మొదలిడితిమి. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో గాలి నింపినచో అది ఇంచుమించు 2,400 లీటర్లగును. నిమిషమునకు 20 లీటర్లు పీల్చువానికి గట్టుమీద రెండు గంటలు వచ్చును. కాని నీటిలో ప్రతి 10 మీటర్లకును ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగును. 30 మీటర్ల అడుగున ఒత్తిడి నాలుగు రెట్లు, గాలి వ్యయమును నాలుగు రెట్లు. రెండు గంటల సొమ్ము అరగంటలో హరించిపోవును.

ఆ లోతున సిలిండరు మొరాయించెననుకొందము. తెప్పరిల్లుటకు ఒక నిమిషము, మెల్లగా పైకి వచ్చుటకు మూడు నాలుగు నిమిషములు, పైమట్టమునకు 5 మీటర్ల దిగువ మూడు నిమిషముల విరామము. వెరసి దాదాపు 340 లీటర్లు కావలెను. భయపడినవాడు రెట్టింపు పీల్చును; అనగా 680. మూడు లీటర్ల చిన్న సిలిండరులో ఉండునది 600. వాని ముఖము వాడినది. అయితే అడుగున ఉండదగిన కాలపరిమితి దాటనివానికి ఆ కడపటి విరామము ముందుజాగ్రత్త మాత్రమే. గాలి కరవైనచో మానవచ్చును. అప్పుడు 500 లీటర్లతో గట్టెక్కును. ఈ చిన్న సిలిండరుకు పాశ్చాత్యులు ‘పోనీ’ యని పేరిడిరి. తెలుగున ఆ మాట కున్న అర్థము తలచి నవ్వుకొంటిమి గాని, అది పోనిమ్మనదగిన వస్తువు కాదు.

ఈతగాండ్రందరికడను ‘ఆక్టోపస్’ అను రెండవ నోటిగొట్టము ఉండును. దానిని చూచి ధైర్యపడువారు పెక్కురు. అది తోడి ఈతగానికి గాలి నిచ్చుటకు ఉపకరించును. కాని రెండు గొట్టములును ఒకే సిలిండరునకు తగిలింపబడినవి; సిలిండరు వట్టిపోయినప్పుడు రెండును వట్టివే.

ఈ సందర్భమున 1946 ఆగస్టులో ఫ్రాన్సులోని వోక్లూజ్ ఊటలో జరిగినది వానికి చెప్పితిని. 1943లో ఇంజనీరు గాన్యాతో కలిసి ఈ శ్వాసయంత్రమును రూపొందించిన జాక్ కూస్తోయే, డ్యూమాను తోడుగొని అందు దిగెను. లోతున ఇరువురకును బుద్ధి మందగించి ప్రాణముమీదికి వచ్చెను. గాలి నింపిన యంత్రము తన పొగను తానే పీల్చి సిలిండర్లలోనికి ఎక్కించినదని తరువాత తేలినది. మరి నాలుగు సిలిండర్లు మోసినను వానియందును ఆ విషమే యుండెడిది గదా! పైన త్రాడు పట్టుకొన్న ఫార్గ్, కూస్తో లాగుచుండగా ఇంకను త్రాడు కోరుచున్నాడని భ్రమించి వదలుచుండెను. తుదకు అనుమానము తోచి పైకి లాగెను. వారు బ్రదికిరి.

ఇక పట్టిక దిద్దితిమి. పది పండ్రెండు మీటర్ల బయటి నీటిలో, చెంత తోడున్నవానికి, పైనున్న ఆకాశమే రెండవ సిలిండరు. ముప్పది మీటర్లకు పోనీ ఒకటి, దానికి దానిదే రెగ్యులేటరు, దానిదే ఒత్తిడి మీటరు. గుహలలోను, మునిగిన ఓడల లోపలను పైకి తిన్నగా వచ్చు దారి లేదు. అచ్చట జంట సిలిండర్లు ఉండవలెను, గాలిలో మూడవవంతు పోవుటకు, మూడవవంతు వచ్చుటకు, మిగిలినది ఆపదకు. వానికిప్పుడు గుహల పని లేదు. రెండవ దీపము, రెండవ కంప్యూటరు కొట్టివేసితిమి. ప్రతి అదనపు గొట్టమును ఒక అదనపు అతుకు, చీకటిలో చేయి తడబడుటకు ఒక అదనపు చోటు. చిన్న కత్తిని మాత్రము నేను కొట్టివేయనీయలేదు. చేపలవలలు మన తీరమున తక్కువ కావు.

వాని తల్లి అంతవరకు గుమ్మమున నిలిచి వినుచుండెను.

“గివన్ని సరే గని, మోకు ఎవలు పట్టుకుంటరు బిడ్డా?”

మోకు ఉండదనియు, జతగాడొకడు వెంట దిగుననియు వాడు చెప్పెను.

“వానిదే ఊరు? పేరేంది?”

వానికి తెలియదు. జతగానిని ఆనాటి ఉదయము పడవవద్ద నిర్ణయింతురట. మా చెల్లెలు మరి మాటాడక లోనికి పోయెను. వాడు పట్టిక మడిచి జేబులో పెట్టుకొని, విశాఖకు ఫోను చేయుటకై లేచెను.